దుబాసి కావలెను

మోన్‌ఫాల్కోనే ఓడల కార్ఖానా గేటు ఎదురుగా
కాఫీ కొట్టు అద్దానికి నేనే అంటించాను కాగితం:
"దుబాసి కావలెను. ఇంగ్లీషు నుంచి ఇటాలియన్‌కి, తిరిగి ఇంగ్లీషుకి.
సామాజిక శాస్త్ర పరిశోధన. పదకొండు ఇళ్లు. రోజుకి తొంభై యూరోలు."
డండీలో మావాళ్లు మంజూరు చేసింది అంతే మరి.
బోరా గాలికి మూడుసార్లు ఊడింది.
నాలుగోసారి కొట్టు యజమానే నాలుగు పక్కలా టేపు వేసి
ఎవరొస్తారులే అన్నట్టు భుజాలెగరేశాడు.
ఆ మాటకి దుబాసి అక్కర్లేకపోయింది.

మొదట వచ్చినాయనది త్రియెస్తే. మెడలో పట్టు రుమాలు.
మంత్రుల చెవుల్లో మాట్లాడినవాడట.
నా ప్రశ్నలు చదువుతూ "జీతం లేని శ్రమ" దగ్గర ఆగి
"దీనికి మా భాషలో చక్కటి పదముంది,
కానీ ఆ ముసలమ్మలకి అది తెలీదు" అన్నాడు.
వాళ్లకి తెలిసిన పదం ఏమిటో ఆయనకి తెలీదు.

తర్వాత తిజియానో. కుర్రాడు, చురుకైనవాడు.
మొదటి ఇంట్లో ఆవిడ ఇరవై నిమిషాలు చెప్పింది, ముక్కు చీదింది,
గోడ మీంచి ఫోటో దించి, తుడిచి, మళ్లీ తగిలించింది.
అతను నా వైపు తిరిగి,
"కష్టంగా ఉండేదంటోంది."
చేంతాడంతా లాగితే
బొక్కెనలో గుక్కెడు.

నీవెస్ కాగితం చూసి రాలేదు.
ఆ కొట్లో కప్పులు కడిగేది ఆమే.
బ్రాడ్‌ఫర్డ్‌లో పద్నాలుగేళ్లు బిస్కెట్ల ఫ్యాక్టరీ,
పట్టా లేదు, ఇంగ్లీషులో మాత్రం బూతులతో సహా అన్నీ ఉన్నాయి.
"చెప్తాను గానీ, 'ఆవిడ అంటోంది' అనను.
'నేను' అనే అంటాను. అట్లాగైతేనే నాకు నోరొస్తుంది."
చదువుకున్న దుబాసీల పద్ధతీ అదేనని ఆమెకి తెలీదు.
నేనూ చెప్పలేదు.

ఎర్సీలియా ఇల్లు నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు.
అడిగాను: మీ ఆయన పని బట్టలు ఎలా ఉతికేవారు?
ఎర్సీలియా కిటికీ వైపు చూస్తూ ఏదో అంది.
నేనప్పుడు రికార్డరు ఎర్ర దీపం చూసుకుంటున్నాను.
నీవెస్ మొదలుపెట్టింది:
"ముందు బాల్కనీలో దులిపేదాన్ని, జల్లెడలో పిండిలా.
తెల్లగా లేచేది. పిల్ల కింద ఆడుకుంటూ
మంచు పడుతోందని నాలుక చాపేది.
నేను నవ్వేదాన్ని.
అవును, నవ్వేదాన్ని. రాసుకో."
రాసుకున్నాను. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.
ఆ సేపంతా ఎర్సీలియా
నీవెస్ మణికట్టు పట్టుకునే ఉంది.
అది రాయడానికి నా పట్టికలో గడి లేదు.

జనవరిలో, డండీలో, టేపు విన్న సియెనా అమ్మాయి
హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి జరిపి అడిగింది:
"ముసలావిడ అన్నది రెండే మాటలు కదా,
'అందరి లాగే' అని.
మిగతాదంతా ఎవరిది?"

నియమం ప్రకారం ఆ ఇంటర్వ్యూ కొట్టేయాలి.
కలుషితమైన సాక్ష్యం అంటారు మావాళ్లు.
కలుషితం.
ఆ మాట రాయబోయి పెన్ను మూత పెట్టేశాను.
మూడు వారాలు ఆ పుట బల్ల మీదే ఉంది.
దాని మీద కప్పు అడుగు గుండ్రంగా అచ్చుపడింది.

మార్చిలో మళ్లీ వెళ్లాను. ఈసారి కాగితం అంటించలేదు.
నీవెస్‌ని అడగడానికి దుబాసిని ఎక్కణ్ణుంచి తేను?
రైలు పొడుగునా వల్లెవేసిన ఒకే ఒక్క ఇటాలియన్ వాక్యం,
కాళ్లొకవైపు తలొకవైపు పోతున్నదాన్ని,
పట్టుకొచ్చి కౌంటరు మీద పెట్టాను:
మీ అమ్మాయిని ఏమని పిలుస్తారు?

కుళాయి కట్టేసింది.
తడి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది, చాలాసేపు.
"పిలుస్తారు కాదు," అంది.
"పిలిచేవారు.
మళ్లీ అడుగు."